డిచ్‌పల్లి చేతులు

నిజామాబాదునుండి హైదరాబాదునకు పోవు త్రోవలో, పట్టణమునకు కొద్ది దూరముననే యున్న డిచ్‌పల్లికి రెండు ప్రసిద్ధులు కలవు. గుట్టమీది ఖిల్లా రామాలయము మొదటిది. కఠినశిలను మైనమువలె మలచిన అజ్ఞాతశిల్పుల హస్తకౌశలమునకు అది నిదర్శనము. 1915లో నెలకొన్న విక్టోరియా కుష్ఠువైద్యశాల రెండవది. గుడి చూడవచ్చిన రసికులు ఆసుపత్రి వంక చూడక మరలిపోవుట కద్దు. చేతిపని చరిత్ర వ్రాయబూనినవాడు మాత్రము ఈ రెంటిని కలిపియే చూడవలెనని నా దృఢాభిప్రాయము.

స్కాట్లాండునుండి భర్త జార్జి కెర్‌తో కలిసి 1907లో నైజాము రాజ్యమునకు వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్, ఊరివారు ‘పెద్దరోగ’మని పేరెత్తుటకైన జంకిన వ్యాధిపీడితులను చేరదీసెను. వైద్యశాల నెలకొల్పవలెనన్న ఆమె సంకల్పమునకు నిజామాబాదు శ్రీమంతుడు రాజా నర్సాగౌడు ధనసాహాయ్య మొనర్చెను. ఆనాటి ఔషధము అడవిబాదపు జాతి గింజల నూనె. సుశ్రుతుడు తువరకమను పేర ప్రశంసించిన తైలమే సూదిమందై తిరిగివచ్చినది.

1931లో నిజాంసాగరము పూర్తియై, 1937లో బోధను శక్కర్‌నగరున చక్కెర కర్మాగారము వెలసిన పిమ్మట ఈ సీమ చెఱకుసీమయైనది. చెఱకాకు అంచు కత్తివంటిది. స్పర్శ యెఱిగిన చేయి తెగినంతనే వెనుదీయును; కుష్ఠువుచే నరము చచ్చిన చేయి తెగినదని యెఱుగక కోయుచునే యుండును. వ్రేళ్లను రోగము తినివేయునని లోకము చిరకాలము నమ్మెను. నొప్పి తెలియక తగిలిన గాయములే వానిని హరించునని వేలూరున డాక్టరు పాల్ బ్రాండ్ నిరూపించి, 1948నుండి స్నాయువులను మార్చి కుట్టి, ముడుచుకొన్న వ్రేళ్లను తెఱపించి, ఆ చేతులచేతనే కొయ్యబొమ్మలు చేయించెను.

చిత్రలేఖనమునకును ఇదే చిక్కు. స్పర్శ పోయిన చేతికి కుంచెను ఎంత బిగియబట్టినదియు తెలియదు. తెలియక మఱింత నొక్కును. నొక్కినకొలది బొటనవ్రేలి మొదట బొబ్బ లేచును. బాధ లేదు గనుక పని యాగదు. సాయంకాలమునకు బొబ్బ పుండగును. అందుచేత కుంచెకఱ్ఱకు గుడ్డ చుట్టి లావుచేసికొనవలెను. గీతకు గీతకు నడుమ అరచేయి త్రిప్పి కంటితో పరీక్షించుకొనవలెను. చేయి మఱచిన విద్యను కన్ను నేర్చుకొనుట యన్నమాట! ఇట్టి సాధన మామూలు చిత్రకళాశాలలలో లేదు.

ఈ సాధన ఫలించిన చోటు చెంగల్పట్టు చెంతనున్న భారతపురము. ఆస్ట్రియా చిత్రకారుడు వెర్నర్ డోర్నిక్, పద్మా వెంకటరామన్ గారలు 2005లో అచట స్థాపించిన బిందు కళాపాఠశాలలో, పుట్టి బుద్ధెఱిగి కుంచె పట్టని కుష్ఠుపీడిత వృద్ధులు వర్ణచిత్రములు వేసిరి. అవి విదేశములందును ప్రదర్శింపబడినవి. ఆ చిత్రములను జాలితో కొనుట వారిని అవమానించుటయే. బాగున్నవానిని బాగున్నవని మెచ్చి, తగిన వెల యిచ్చి కొనవలెను.

పాఠకులకు నా మనవి యొక్కటియే. ఒడలిపై స్పర్శలేని మచ్చ కనబడినచో దాచుకొనవలదు. బహుళౌషధ చికిత్స నేడు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఉచితముగా లభించుచున్నది. నరములు చెడకమున్నే మొదలిడినచో చేయి దక్కును.