ఆంగ్ల రచనలో పెద్దక్షరాలు, శీర్షికల నియమాలు

తెలుగు పిల్లలు ‘పెద్దబడి’, ‘చిన్నబడి’ అంటూ నేర్చుకునే ఆంగ్ల అక్షరాల వాడుకను ఏ ప్రభుత్వమూ శాసించలేదు. లేఖకులు, కంపోజిటర్లు, సంపాదకులు తమ తమ అవసరాల కొద్దీ ఏర్పరచుకున్న అలవాట్లే కాలక్రమంలో నియమాలయ్యాయి.

రోమ్‌లో ట్రాజన్ స్తంభం (క్రీ.శ. 113) మీది శాసనమంతా పెద్దక్షరాలే. నేటి చిన్నక్షరాలకు మూలమైన లిపి 8వ శతాబ్ది చివర షార్లమేన్ ఏలుబడిలో స్థిరపడింది. ఇంగ్లండులోని యార్క్ నుంచి వెళ్లిన ఆల్కుయిన్ 796లో టూర్స్ మఠాధిపతి అయ్యాడు. ఆ మఠంలో తయారైన ప్రతుల్లో శీర్షికలకు పాత శాసనలిపిని, పాఠానికి కొత్త లిపిని వాడారు. శీర్షికను అక్షరరూపంతోనే వేరుచేసి చూపే పద్ధతి అంత పాతది.

విలియం కాక్స్టన్ 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో ముద్రణాలయం పెట్టేనాటికి పెద్దక్షరాల వాడుకకు నిలకడ లేదు. 17వ శతాబ్ది చివరికి నామవాచకాలన్నిటికీ పెద్దక్షరం పెట్టడం పరిపాటి అయింది. 1787 నాటి అమెరికా రాజ్యాంగం చేతిరాత ప్రతిలో అది నేటికీ కనబడుతుంది. అప్పటికే అచ్చుపుస్తకాల్లో ఆ అలవాటు సన్నగిల్లుతోంది. జర్మన్ భాష దాన్ని నిలుపుకుంది, డెన్మార్క్ 1948లో వదులుకుంది.

శీర్షికల విషయంలో ఈనాటికీ ఏకాభిప్రాయం లేదు. షికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయం 1906లో తన నియమావళిని పుస్తకంగా వెలువరించింది. ముఖ్యమైన పదాలకు పెద్దక్షరం, ‘ది’, ‘అండ్’ వంటివాటికి చిన్నక్షరం అనేది స్థూలంగా అందరూ ఒప్పుకునే సూత్రం. ‘ఈజ్’ రెండక్షరాలదే అయినా క్రియ కాబట్టి పెద్దక్షరం పొందుతుంది. చాలామంది తడబడేది ఇక్కడే. పేచీ అంతా విభక్తులవంటి చిన్న పదాల దగ్గర. నాలుగక్షరాల ‘విత్’కు మనస్తత్వశాస్త్రవేత్తల సంఘమైన ఏపీఏ పెద్దక్షరం ఇస్తుంది, షికాగో ఇవ్వదు. అయిదక్షరాల ‘అబౌట్’కు షికాగో కూడా 2024 నాటి 18వ కూర్పు నుంచి ఇస్తోంది. సాహిత్య పరిశోధకులు అనుసరించే ఎంఎల్ఏ పద్ధతిలో రెండూ చిన్నవే. గ్రంథాలయ సూచికలు, బ్రిటన్‌లో గార్డియన్ వంటి పత్రికలు ఈ చిక్కు లేకుండా మొదటి పదానికి, సంజ్ఞానామాలకు మాత్రమే పెద్దక్షరం పెడతాయి. పుస్తకం పేరును వాలు అక్షరాల్లో, వ్యాసం పేరును కొటేషన్ గుర్తుల్లో పెట్టడం మరో ఆచారం. వాలు అక్షరాలను అచ్చులోకి తెచ్చినవాడు వెనిస్ ముద్రాపకుడు ఆల్డస్ మనూషియస్ (1501). టైపురైటర్‌లో ఆ సదుపాయం లేక పేరు కింద గీత గీసేవారు.

పెద్దక్షరం గౌరవ ప్రశ్న కూడా అయింది. ‘నీగ్రో’ అనే మాటను అమెరికా పత్రికలు చిన్నక్షరంతో రాస్తుంటే, 80 లక్షల అమెరికన్లకు ఒక పెద్దక్షరం పొందే హక్కుందని డబ్ల్యూ. ఇ. బి. డుబోయిస్ 1899లో తన గ్రంథపు అధోజ్ఞాపికలో వాదించాడు. న్యూయార్క్ టైమ్స్ దాన్ని అంగీకరించింది 1930లో. ‘బ్లాక్’ అనే మాటకు అసోసియేటెడ్ ప్రెస్ 2020లో పెద్దక్షరం ఇచ్చింది. వ్యాకరణం ఒక్కదాన్నే ఆధారంగా తీసుకుంటే ఈ ఘట్టం అర్థం కాదు.

తెలుగు లిపిలో ఈ భేదమే లేదు. అయినా కంప్యూటర్‌లో తెలుగును ఆంగ్ల అక్షరాలతో రాయడానికి రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్‌టీఎస్ పద్ధతి పెద్దక్షరానికి ధ్వనిని భేదపరిచే పని అప్పగించింది. అందులో చిన్న ‘టి’ అక్షరం కొడితే ‘పాత’, పెద్ద ‘టి’ కొడితే ‘పాట’.