సత్రం చరిత్రలో వంటిల్లు ఎక్కడ?

శ్రీశైలానికి తూర్పు ద్వారమని త్రిపురాంతకానికి పేరు. కోస్తా వైపు నుంచి వచ్చే యాత్రికులు అక్కడ ఆగి, మొక్కు చెల్లించి నల్లమల ఎక్కేవారు. ఇప్పుడు మార్కాపురం వైపు నుంచి వచ్చే బస్సులు దోర్నాలలో ఆగుతాయి. అడవిలో రాత్రి రాకపోకలు ఆపేస్తారు కాబట్టి పొద్దుపోయి వచ్చినవాళ్ళు తెల్లారేదాకా అక్కడ ఉండాల్సిందే. దారి మారినా అవసరం మారలేదు. ఇంత నీళ్ళు, ఇంత అన్నం, భయం లేకుండా నడుం వాల్చే చోటు. ఆడవాళ్ళకైతే చాటు కూడా.

ఇది వానలు తక్కువ పడే సీమ. ఇక్కడ బాటసారి అన్నం కంటే ముందు నీళ్ళడుగుతాడు. గుండ్లకమ్మకు అడ్డంగా కంభం చెరువు కట్టించింది గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ అని ఐతిహ్యం. చెరువు కట్టించిన రాణి పేరు నిలిచింది. అక్కణ్ణించి కడవలు మోసినవాళ్ళ పేర్లు ఎవరు రాసిపెట్టారు?

దారిలో అన్నం పెట్టడం గురించి మనకున్న గొప్ప ఆధారాల్లో మల్కాపురం శాసనం ఒకటి. 1261 నాటిది. ఊరు ఇక్కడికి దూరమే, కృష్ణ ఒడ్డున ఇప్పటి అమరావతి ప్రాంతంలో ఉంది. కానీ అది చెప్పే గోళకీ శైవ మఠ సంప్రదాయానికి మన త్రిపురాంతకం కూడా ఒక కేంద్రమే. గణపతిదేవుడు మందడాన్ని, రుద్రమదేవి వెలగపూడిని దానమిచ్చారు. ఆ ఆదాయంతో మఠం, చదువులు, అన్నసత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల నడవాలి. బ్రాహ్మణుడు మొదలు చండాలుడి వరకు వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టాలి. ప్రసూతిశాలకు ఊరి ఆదాయంలో వాటా పెట్టిన ఆ ఏర్పాటు వెనక, దానమిచ్చిన రాణి స్త్రీ కావడం ఎంతవరకు పనిచేసిందో మన చరిత్రకారులు ఇంకా లోతుగా చూడాలి.

ఆ శాసనంలో ఇంకో సంగతుంది. వైద్యుడికీ, కరణానికీ, వంటవాళ్ళకీ, నాట్యకత్తెలకీ, పాడే స్త్రీలకీ భూమిలో వాటాలు రాశారు. అంటే వాళ్ళు చేసేది పని అని, దానికి ప్రతిఫలం ఉండాలని ఒప్పుకున్నారు.

ఇంటి ఆడది వండితే మాత్రం ఆ లెక్క మాయమవుతుంది. డొక్కా సీతమ్మ (1841–1909) సంగతే చూద్దాం. గోదావరి లంకల గన్నవరంలో బాటసారులకు వేళాపాళా లేకుండా వండి పెట్టింది. కులం అడగలేదంటారు. సీతమ్మను మనం గుర్తుంచుకున్నాం. ఎలా? 'అపర అన్నపూర్ణ'గా. దేవతని చేశాక ఇక ఆమె పొయ్యి ముందు గడిపిన గంటలు, పొగకు మండిన కళ్ళు, పక్కన పిండి విసిరి, గిన్నెలు తోమిన చేతులు ఎవరికీ గుర్తురావు. పుణ్యానికి కూలి ఉండదు కదా!

ఇది పాత కథ కాదు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి మధ్యాహ్న భోజనానికి సీతమ్మ పేరు పెట్టింది. మంచిదే. మార్కాపురంలోనైనా, గిద్దలూరులోనైనా ఆ అన్నం వండేది ఎక్కువగా పేద స్త్రీలే. వాళ్ళకిచ్చేదాన్ని జీతం అనరు, 'గౌరవ వేతనం' అంటారు. 1261లో వంటవాడికి భూమిలో వాటా రాసిన నేల మీద, ఈనాడు వంటామెకు దక్కేది గౌరవం.

సత్రాల చరిత్ర రాసేటప్పుడు దాతల పేర్లు శాసనాల్లో ఎలాగూ దొరుకుతాయి. మనం వెతకాల్సింది వంటింట్లో. నీళ్ళెవరు తెచ్చారు, ఎవరు వండారు, ఎవరు చివర తిన్నారు, వాళ్ళకేమిచ్చారు? దోర్నాల దారిలో టిఫిన్ బండి పెట్టుకున్న ఆడమనిషిని అడిగినా ఈ చరిత్ర కొంత తెలుస్తుంది. ఆమె చెప్పేది ఇప్పుడే రాసిపెట్టుకోవాలి.