క్రిటికల్ కేర్ ఫెలోషిప్: ఒక వైద్య శిక్షణ పుట్టుక

ప్రాణాపాయ స్థితిలో ఉన్న వయోజనుల చికిత్సలో ప్రత్యేక నైపుణ్యం కోరే వైద్యులు పీజీ చదువు ముగిశాక పొందే శిక్షణను క్రిటికల్ కేర్ ఫెలోషిప్ అంటారు. గుండెకో, మూత్రపిండాలకో, మెదడుకో సంబంధించిన శాఖలు అవయవాన్ని ఆధారం చేసుకుని ఏర్పడితే, ఇది జబ్బు తీవ్రతను ఆధారం చేసుకుని ఏర్పడింది. అందువల్ల దీన్ని ఎవరు నేర్పాలి, ఏ శాఖవారు నేర్చుకోవాలి, ఎంతకాలం నేర్చుకోవాలి అన్న ప్రశ్నలు మొదటి నుంచీ దీని వెంటే ఉన్నాయి.

1952 వేసవిలో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించినప్పుడు, అంటువ్యాధుల చికిత్సకు పేరొందిన బ్లెగ్‌డామ్ ఆస్పత్రిలో ఉన్న శ్వాసయంత్రాలు ఏడే: రోగి ఒంటిని తనలో ఇముడ్చుకునే ఇనుప పెట్టె ఒకటి, ఛాతీకి కవచంలా బిగించేవి ఆరు. శ్వాస కండరాలు చచ్చుబడి ఈ యంత్రాల సాయం పొందిన తొలి 31 మందిలో 27 మంది మరణించారు. రక్తంలో బైకార్బొనేట్ పెరగడాన్ని అక్కడి వైద్యులు క్షారత్వంగా భావించగా, శస్త్రచికిత్సలో మత్తు ఇచ్చే శాఖకు చెందిన బ్యోర్న్ ఇబ్సెన్, అది ఊపిరి చాలక పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ పర్యవసానమని గుర్తించాడు. గొంతు వద్ద శ్వాసనాళానికి రంధ్రం చేసి గొట్టం అమర్చి, దానికి తగిలించిన రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరితిత్తుల్లోకి గాలి పంపాలన్న ఆయన పద్ధతి ఫలించడంతో, సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా మంచాల పక్కన కూర్చుని, రాత్రీ పగలూ రోగులకు ఊపిరి పోశారు. మరణాల రేటు గణనీయంగా పడిపోయింది. మరుసటి ఏడాది డిసెంబరులో అదే నగరంలోని కమ్యూన్ ఆస్పత్రిలో ఇబ్సెన్ నెలకొల్పిన విభాగాన్ని పలువురు తొలి ఐసీయూగా పరిగణిస్తారు.

సంచి నొక్కడం కొద్ది సమయంలోనే నేర్పగలిగిన పని. ఎప్పుడు, ఎంత నొక్కాలో, రక్తపోటు పడిపోతే ముందు ఏది సరిచేయాలో నిర్ణయించే వివేకం అంత త్వరగా అబ్బేది కాదు. ఒకే రోగిలో ఊపిరితిత్తులు, గుండె, మూత్రపిండాలు ఒకదాన్నొకటి దెబ్బతీసుకుంటున్నప్పుడు, ఆ గొలుసును మొత్తంగా చూడగల వైద్యుడు మంచం పక్కన నిరంతరం ఉండాలి. శాఖలవారీగా పొద్దున ఒకసారి చూసి వెళ్ళే రౌండ్ల పద్ధతిలో అలాంటి వైద్యుడికి చోటు లేదు. ఫెలోషిప్ పుట్టడానికి అసలు కారణం యంత్రాల కన్నా ఈ లోటేనని చెప్పాలి.

ఆ లోటును శిక్షణగా మలచిన వారిలో వియన్నాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన పీటర్ సఫార్ ముఖ్యుడు. అనస్థీషియా వైద్యుడైన ఆయన 1958లో బాల్టిమోర్‌లో, వైద్యుడు ఇరవై నాలుగు గంటలూ అందుబాటులో ఉండే ఐసీయూను ఏర్పరచి, 1961లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాక, కొద్దికాలానికే వైద్యులకు ఈ రంగంలో ప్రత్యేక శిక్షణ ప్రారంభించాడు. స్వీడన్ నుంచి వచ్చిన ఆకే గ్రెన్విక్ తరువాత దాన్ని విస్తరించాడు. అనస్థీషియా, జనరల్ మెడిసిన్, సర్జరీ శాఖలవారు ఒకే ఐసీయూలో కలిసి నేర్చుకోవాలన్నది ఆ కార్యక్రమపు మూలసూత్రం. అదే కాలంలో లాస్ ఏంజెలెస్‌లో మాక్స్ హారీ వైల్, హెర్బర్ట్ షుబిన్ రక్తప్రసరణ కుప్పకూలిన రోగుల కోసం ‘షాక్ వార్డు’ నడిపారు. 1970లో ఏర్పడిన సొసైటీ ఆఫ్ క్రిటికల్ కేర్ మెడిసిన్‌కు వైల్ తొలి అధ్యక్షుడు కాగా, సఫార్ ఆయన తరువాతివాడు.

సఫార్ ఆశించిన ఉమ్మడి శిక్షణ మాత్రం ఉమ్మడి పట్టాగా మారలేదు. 1980 ప్రాంతంలో అమెరికాలోని వైద్య శాఖల పరీక్షా మండళ్ళు ఒకే ధ్రువపత్రం కోసం ప్రయత్నించి, ఏకాభిప్రాయం కుదరక విడిపోయాయి. 1986, 1987లలో ఎవరి పరీక్షలు వారు మొదలుపెట్టారు. అనస్థీషియా, సర్జరీ శాఖలవారికి రెసిడెన్సీ, అంటే ఆస్పత్రిలో ఉండి పూర్తిచేసే పీజీ శిక్షణ, తరువాత ఒక ఏడాది. ఇంటర్నల్ మెడిసిన్ వారికి రెండేళ్ళు. శ్వాసకోశ వ్యాధులతో కలిపి చదివేవారికి మూడేళ్ళు. ఈ వ్యత్యాసం రోగుల అవసరం నుంచి వచ్చిందనడం కష్టం; ఒక్కో శాఖ తన అభ్యర్థులకు అప్పటికే ఏమేమి నేర్పిందని భావించిందో దాన్నిబట్టి వచ్చింది. ఎమర్జెన్సీ మెడిసిన్ వైద్యులకు అక్కడ ధ్రువపత్రపు దారి తెరుచుకోవడానికి మరో రెండు దశాబ్దాలకు పైగా పట్టింది.

భారతదేశంలో ఈ రంగపు వైద్యుల సంఘం, ఇండియన్ సొసైటీ ఆఫ్ క్రిటికల్ కేర్ మెడిసిన్, 1993లో ఏర్పడింది. ప్రభుత్వ గుర్తింపు పొందిన కోర్సులు విస్తరించక ముందే తానే కోర్సులు, పరీక్షలు నడిపి ఐసీయూ వైద్యులను తయారుచేయడం ఆ సంఘం చేసిన గొప్ప సేవ. జాతీయ పరీక్షా మండలి రెండేళ్ళ ఫెలోషిప్, మూడేళ్ళ డీఎం కోర్సు దానికి తోడయ్యాయి. హైదరాబాద్, విశాఖపట్నం వంటి నగరాల పెద్ద ఆస్పత్రుల్లో అనస్థీషియా నుంచి వచ్చినవారూ, జనరల్ మెడిసిన్ నుంచి వచ్చినవారూ నేడు ఒకే ఐసీయూలో పనిచేస్తున్నారు. కానీ 2020, 2021లలో కోవిడ్ ఉధృతిలో జిల్లాల ఆస్పత్రులకు వెంటిలేటర్లు చేరినంత వేగంగా, వాటిని నడపగల శిక్షణ ఉన్న వైద్యులు చేరలేకపోయారు.