దిగు (క్రియ)

దిగు అనునది పైనుండి క్రిందికి వచ్చుటను తెలిపే తెలుగు అకర్మక క్రియ. దీని సకర్మక రూపాలు దించు, దింపు. వ్యతిరేకార్థకం ఎక్కు. కావ్యభాషలో డిగ్గు అనే రూపం కూడా కనిపిస్తుంది. ఇదే భావానికి తమిళంలో ఇఱంగు, కన్నడంలో ఇళి అనే క్రియలు ఉన్నాయి. ఇంగ్లీషులోని 'డిసెండ్'కు సాధారణంగా దీనినే సమానార్థకంగా చెబుతారు కాని, రెండింటి ప్రయోగ పరిధి ఒకటి కాదు.

ప్రధానార్థం

ప్రాణులకు వాడినపుడు ఈ క్రియలో కర్త ఇచ్ఛ ఇమిడి ఉంటుంది. చెట్టు దిగినవాడు తన అదుపులో తాను వచ్చినవాడు. అదుపు తప్పితే అది పడుట, జారుట. ఆకులకు, పండ్లకు రాలు అనీ, గోడలకు, మ్రాకులకు కూలు అనీ వేరు క్రియలు ఉన్నాయి. 1996 నవంబరు 6 నాటి తుఫానులో కోనసీమ కొబ్బరిచెట్లు పెద్ద సంఖ్యలో కూలాయి అంటారే గాని దిగాయి అనరు.

కోనసీమలో దింపు

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ ఉన్న కోనసీమలో (2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లా అయినది) ఈ ధాతువు ఒక వృత్తికి పేరైంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో కొబ్బరికాయలు కోయుటను దింపు అనీ, ఆ పని చేసేవారిని దింపు కార్మికులు అనీ అంటారు. "తోట దింపు అయ్యిందా?" అంటే కాయలు కోశారా అని అర్థం. పీచు తీసే పనికి ఒలుపు అని మరొక మాట ఉంది.

నిజానికి చెట్టుమీద గెల కోయగానే అది నేలమీద పడుతుంది. అయినా మనిషి ఎక్కి, పక్వం చూసి, కోసి వదిలినది కనుక అది దింపిన కాయ. గాలికో, ముదిరిపోయో తనంతట తాను నేల చేరినది రాలిన కాయ. పడుట ఒకటే అయినా మాటలు రెండు.

ఈ పేరులో ఒక చిత్రం ఉన్నది. కష్టమంతా ఎక్కుటలో ఉండగా పనికి పేరు దింపుటను బట్టి వచ్చింది. కాళ్లకు బంధం వేసుకొని పొడవైన మ్రాను ఎక్కే మనిషికి దిగుటకు, పడుటకు గల భేదం వ్యాకరణ విషయం కాదు, ప్రాణ విషయం. చెట్టెక్కేవారు తగ్గిపోవుచుండగా కొబ్బరి అభివృద్ధి బోర్డు 2011లో యంత్ర సహాయంతో చెట్టెక్కుటలో యువకులకు శిక్షణ ఇచ్చే కార్యక్రమం ప్రారంభించింది.

ఇతర ప్రయోగాలు

* బస చేయు: సత్రంలో దిగారు.
* లోపలికి చొచ్చుకొనుట: ముల్లు దిగింది.
* తగ్గుట: మత్తు దిగింది, ధర దిగింది.
* పూనుకొనుట: తగవుకు దిగారు, రంగంలోకి దిగారు.
* ఫొటో దిగు: ఫొటో తీయించుకొను.
* చూసి దించు: పరీక్షలో ఇతరుల వ్రాత నకలు చేయు. ఈ అర్థం విద్యార్థులకు వివరించనక్కరలేదు.
* దిగబెట్టు: వెంట వెళ్లి చేర్చి వచ్చుట. కూతురిని అత్తవారింట దిగబెట్టి వచ్చారు.

దిగుబడి, దిగుమతి, దిగువ, దిగుడుబావి ఈ కుటుంబంలోని మాటలే. శవయాత్రలో పాడెను మధ్యలో దించే చోటు దింపుడు కళ్ళం. అక్కడ చెవిలో పేరుపెట్టి పిలిస్తే ప్రాణం తిరిగి వస్తుందేమోనన్న ఆశనుండి 'దింపుడు కళ్ళం ఆశ' అనే జాతీయం పుట్టింది.

విద్యార్థులకు

తెలుగులో బస్సు దిగాడు, పంటు దిగాడు అనుటకు 'నుండి' అవసరం లేదు. ఇంగ్లీషులో మాత్రం బస్సుకు 'గెట్ ఆఫ్' అనేది సహజం. మన దేశంలో వినిపించే 'గెట్ డౌన్' దిగు క్రియకు మక్కికిమక్కి అనువాదం.

దిగుచు అను మాటతో జాగ్రత్త అవసరం. అది 'దిగుతూ' అనే అర్థంలోనే కాక, లాగు అనే అర్థంలో ప్రత్యేక క్రియగా కూడా ఉన్నది. పోతన భాగవతంలోని గజేంద్రమోక్షణంలో ఏనుగు, మొసలి ఒకదానినొకటి 'దిగుచు' సందర్భంలో ఉన్నది ఈ రెండవ అర్థమే. మడుగులోకి దిగుతూ ఉన్నదని చెప్పుకొంటే పద్యభావం చెడుతుంది.