గుత్తికి ఉత్తరమున: 1839

గుత్తికోట చెంతనుండి ఉత్తరముగా సాగు బాట డోన్ మీదుగా కర్నూలు చేరును. 1800లో నిజాము దత్తమండలములను ఈస్టిండియా కంపెనీకి అప్పగించినప్పుడు గుత్తి కంపెనీ పాలనలోనికి వచ్చెను. కర్నూలు మాత్రము పేష్కషు చెల్లించు పఠాను నవాబు చేతనే నిలిచెను. ఆ నవాబీ 1839లో అంతరించిన తీరును నేడు స్మరింతము.

కథకు మూలము చాల దూరమున నున్నది. రాయబరేలీ వాడగు సయ్యద్ అహమ్మదు తొలుత అమీర్‌ఖాను దండులో రౌతు. 1817లో అమీర్‌ఖాను కంపెనీతో సంధి చేసికొని టోంకు నవాబు కాగా, సయ్యదు అతనిని విడిచి మతసంస్కరణమును, జిహాదును బోధింపసాగెను. పిదప వాయవ్య సరిహద్దునకు పోయి సిక్కులతో పోరెను. తొలుత చేయి కలిపిన పెషావరు సర్దారులే తరువాత ఎదురు తిరిగిరి. 1831లో బాలాకోటువద్ద అతడు హతుడయ్యెను.

నాయకుడు పోయినను బోధ నశింపలేదు. అతని శిష్యుడు, పాట్నావాడగు విలాయత్ అలీ హైదరాబాదునకు వచ్చి ప్రచారము చేసెను. నిజాము నాసిరుద్దౌలా తమ్ముడగు ముబారిజుద్దౌలా ఆ బోధకు ఆకర్షితుడయ్యెను. 1815లోనే కంపెనీ దళముతో కలహించి గోలకొండలో బందీయైన రాకుమారు డతడు. మతావేశమునకు పాత పగ తోడయ్యెను.

1839లో కుట్ర బయటపడినదని రెసిడెంటు ఫ్రేజరు ఒత్తిడి చేయగా నిజామే తమ్ముని బంధింపజేసెను. ముబారిజుద్దౌలా 1854లో గోలకొండలోనే మరణించెను. అనుమానము కర్నూలు నవాబు గులాం రసూల్‌ఖానుపైకిని ప్రాకెను. కోటను సోదా చేయగా ఫిరంగులు, మందుగుండు విస్తారముగా దొరకెను. అక్టోబరులో జొహరాపురమువద్ద పోరు జరిగి నవాబు పట్టుబడెను. తిరుచిరాపల్లికి పంపబడిన అతడు 1840లో అచ్చటనే హత్యకు గురియయ్యెను. కర్నూలు కంపెనీవశమై, 1858లో జిల్లాగా ఏర్పడెను.

నవాబు ఆయుధములు కూర్చినది నిజము. అవి జిహాదు కొరకా, తన గద్దె కొరకా అను విషయమున చరిత్రకారులకు ఏకాభిప్రాయము లేదు. అయినను ఒక్కటి స్పష్టము. ధర్మము పేర లేచిన దండు అడుగడుగునను ఏదో ఒక ప్రభువును ఆశ్రయింపవలసి వచ్చెను. ఆ ప్రభువు లెక్క ప్రభువుది. లాభము మారిన నాడు చెలిమియు మారెను.

కనుక దీనిని రెండు మతముల పోరాటముగా చెప్పుట మాకు సమ్మతము కాదు. ముబారిజుద్దౌలాను బంధించినది అతని మతస్థుడే, అతని తోబుట్టువే. నినాదమును మాత్రమే వినువానికి చరిత్ర సగమే వినవచ్చును.