పాండు నరోటె పేరు ఎంత దూరం పోయింది?

పోస్టు కొంచెం పొడుగే. రాయదుర్గంలో మెట్రో ఎక్కితే అమీర్‌పేట వచ్చేలోపు అయిపోతుంది, ఓపికగా చదవండి.

2024 అక్టోబర్ 12న ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా మన నిమ్స్‌లో చనిపోయారు. 57 ఏళ్లు. ఆయన కళ్లు ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి, దేహం గాంధీ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. ఇప్పుడు గాంధీ ఆసుపత్రి ఉన్న జాగాలో ఒకప్పుడు ముషీరాబాద్ జైలు ఉండేది. ఎమర్జెన్సీలో, 1975 డిసెంబర్ 1న, ఆదిలాబాద్ జిల్లా భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరి తీసింది ఆ జైల్లోనే. రోజూ ఆ స్టేషన్ మీదుగా పోయేటోళ్లలో ఎంతమందికి తెలుసో!

సాయిబాబా సారుది అమలాపురం. చిన్నప్పుడే పోలియో, 90 శాతం వైకల్యం, చక్రాల కుర్చీ. ఢిల్లీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునే మనిషి. ఆపరేషన్ గ్రీన్ హంట్ పేరుతో అడవుల్లో మనోళ్ల మీద ఏం జరుగుతోందో దేశమంతా తిరిగి చెప్పాడు. 2014 మే 9న అరెస్టు చేశారు. 2017 మార్చి 7న గడ్చిరోలి కోర్టు ఉపా చట్టం కింద యావజ్జీవం వేసింది. నాగపూర్ జైల్లో అండా సెల్‌లో పెట్టారు. 2020 ఆగస్టు 1న తల్లి సూర్యవతి హైదరాబాద్‌లో కన్నుమూస్తే, చివరిచూపుకు కూడా పంపలేదు.

ఇట్లాంటి వాళ్ల కోసం దూరదేశాల మనుషులు ఎందుకు మాట్లాడతారు? ఇది 1961లో మొదలైంది. పీటర్ బెనెన్సన్ అనే లండన్ లాయర్ 'మర్చిపోయిన ఖైదీలు' గురించి పేపర్లో ఒక వ్యాసం రాశాడు. అందులోంచి ఆమ్నెస్టీ పుట్టింది. 'మనస్సాక్షి ఖైదీ' అనే మాట అప్పటినుంచే వాడుకలోకి వచ్చింది. పద్ధతి చాలా మామూలుది: ఒక ఖైదీ పేరు తీసుకుని, ముక్కూమొహం తెలియని జనం ఆ ప్రభుత్వానికి ఉత్తరాల మీద ఉత్తరాలు రాయడం. ఒక షరతు ఉంది. హింసకు దిగినోళ్లకు, హింసను సమర్థించినోళ్లకు ఆ పేరు ఇవ్వరు. మండేలాకు కూడా ఈ షరతే అడ్డొచ్చింది. అడవిలో ఎవరిని పట్టుకున్నా ఛార్జిషీటులో మొదట రాసేది హింస అనే గదా. మనోళ్లు ఆ లెక్కలోకి ఎట్లా వస్తారు?

కెన్యా రచయిత గూగీ వా థియాంగో ఆ లెక్కలోకి వచ్చాడు. 1977 డిసెంబర్ చివర్లో అరెస్టు. చేసిన నేరం? ఊరి జనంతో కలిసి తన గికుయు భాషలో నాటకం వేయించడం. విచారణ లేకుండా ఏడాది జైలు. అక్కడే టాయిలెట్ కాగితాల మీద గికుయులో నవల రాశాడు. గోండి, కోయ, కొలామి మాట్లాడే పిల్లలం మనం, ఆ సంగతి ఇంకోసారి చదవండి. 1978 ఆగస్టులో ప్రెసిడెంటు కెన్యాటా చనిపోయాడు, డిసెంబర్‌లో గూగీ బయటికొచ్చాడు. ఆ నవలను 1985-89 మధ్య మన జైల్లో ఉండి తెలుగు చేసింది వరవరరావు. పేరు 'మట్టికాళ్ళ మహారాక్షసి'. 2018 ఫిబ్రవరిలో గూగీ హైదరాబాద్ వచ్చాడు. ఆ ఆగస్టులోనే భీమా కోరెగావ్ కేసులో వరవరరావును మళ్లీ పట్టుకున్నారు.

ఆ కేసులో మన ఐటీ వాళ్లు తెలుసుకోవాల్సిన ముచ్చట ఒకటుంది. అమెరికాలో ఆర్సెనల్ అనే డిజిటల్ ఫోరెన్సిక్ సంస్థ రోనా విల్సన్ ల్యాప్‌టాప్ కాపీని పైసా తీసుకోకుండా పరీక్షించింది. 2016 జూన్‌లో వరవరరావు ఈమెయిల్ నుంచి వచ్చిన మెసేజ్‌లోని ఫైలు తెరవగానే మాల్‌వేర్ చొరబడిందనీ, తర్వాత బయటి నుంచి ఎవరో ఉత్తరాలు అందులో పెట్టారనీ 2021లో తేల్చింది. స్టాన్ స్వామి కంప్యూటర్ గురించీ 2022లో అట్లాంటి రిపోర్టే ఇచ్చింది. ఎన్ఐఏ ఒప్పుకోలేదు. జార్ఖండ్ జైళ్లలో ఏళ్లతరబడి మగ్గుతున్న ఆదివాసీ విచారణ ఖైదీల కోసం కోర్టుకెక్కిన పెద్దాయన స్టాన్ స్వామి. ఆ రిపోర్టు వచ్చేసరికి ఆయనే లేడు, 2021 జూలై 5న కస్టడీలోనే పోయాడు. నా దృష్టిలో లాగ్ ఫైళ్లు చదివి పెట్టడం కూడా సంఘీభావమే, వంద ఉత్తరాలకు తక్కువేం కాదు.

మళ్లీ సాయిబాబా కేసుకొస్తా. 2021లో ఐక్యరాజ్యసమితి వర్కింగ్ గ్రూపు ఆయన నిర్బంధం అన్యాయమని అభిప్రాయం ఇచ్చింది. 2023 ఆగస్టులో యూఎన్ ప్రతినిధి మేరీ లాలర్ విడుదల చేయమని అడిగింది. నిజం చెప్పాలంటే వాటికి మన కోర్టులు కట్టుబడాల్సిన పని లేదు, తాళం తీసింది నాగపూర్ హైకోర్టు బెంచి. అయినా ఆ పేరు ప్రపంచానికి తెలిసింది.

ఆ కేసులో ముద్దాయిలు ఆరుగురు. అందులో మహేశ్ తిర్కి, విజయ్ తిర్కి, పాండు నరోటె ఆదివాసీలు. పాండుది గడ్చిరోలి జిల్లా ఎటపల్లి తాలూకా. ప్రాణహిత దాటితే అవతల ఆ జిల్లానే, మన గోండు చుట్టరికాలున్న నేల. సారుకు పడిన యావజ్జీవమే ఆయనకూ పడింది. యూఎన్ అభిప్రాయం మాత్రం సాయిబాబా పేరు మీద వచ్చింది. దీంట్లో సారు తప్పేం లేదు. ఆయనకు యూనివర్సిటీ ఉంది, ఇంగ్లీషులో రాసే స్నేహితులున్నారు, అలుపు లేకుండా తిరిగిన భార్య వసంత గారున్నారు. పాండు సంగతి ఇంగ్లీషులో రాసి జెనీవాకు పంపగలిగిన వాళ్లు ఎటపల్లిలో ఎవరున్నారు? ఇయ్యాల హైటెక్ సిటీలో అట్లాంటోళ్లం వందలమందిమి ఉన్నాం.

2022 ఆగస్టు 25న పాండు స్వైన్ ఫ్లూతో చనిపోయాడు. 33 ఏళ్లు. వైద్యం ఆలస్యం చేశారని లాయర్లు ఆరోపించారు. అక్టోబర్ 14న హైకోర్టు కేసు కొట్టేసింది. మర్నాడే, శనివారం, సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చుని ఆ తీర్పును ఆపింది. 2024 మార్చి 5న హైకోర్టు రెండోసారి కొట్టేసింది, రెండు రోజులకు సాయిబాబా బయటికొచ్చారు. హైకోర్టు మొదటిసారి కేసు కొట్టేసేనాటికి పాండు పోయి 50 రోజులు.