రాక్షసుడు మీరే.. కానీ మీ మాట వినడు! 1981 నాటి ‘క్రష్, క్రంబుల్ అండ్ చాంప్’ గేమ్ కథ ఇదీ..

నగరం మీద పడాలి. బిల్డింగులు కూల్చాలి. ట్యాంకులను తొక్కేయాలి. ఆకలేస్తే మనుషుల్నే మింగేయాలి. గేమ్స్‌లో హీరో రాక్షసుడిని చంపడం అందరికీ తెలిసిందే. కానీ ఆ రాక్షసుడే మీరైతే? ఈ ఐడియాతో 45 ఏళ్ల క్రితమే ఓ కంప్యూటర్ గేమ్ వచ్చింది. పేరు ‘క్రష్, క్రంబుల్ అండ్ చాంప్’. ఐడియా అదిరింది. కానీ కంట్రోల్స్ దగ్గరే కథ అడ్డం తిరిగింది. అసలు ఈ గేమ్ ఏంటి? ఎక్కడ తేడా కొట్టింది? తర్వాత వచ్చినవాళ్లు దాన్నెలా సరిచేశారు? పూర్తి వివరాలు ఇవీ..

అసలు ఏంటీ గేమ్?

1981లో అమెరికాకు చెందిన ఆటోమేటెడ్ సిమ్యులేషన్స్ అనే కంపెనీ దీన్ని విడుదల చేసింది. ఈ కంపెనీయే తర్వాత ‘ఎపిక్స్’గా పేరు మార్చుకుంది. జాన్ ఫ్రీమన్, జిమ్ కానెల్లీ కలిసి 1978లో పెట్టిన సంస్థ ఇది. 1979లో వచ్చిన ‘టెంపుల్ ఆఫ్ అప్‌షాయ్’ గేమ్‌తో బాగా పేరు తెచ్చుకుంది.

టీఆర్‌ఎస్-80, యాపిల్ 2, అటారీ హోమ్ కంప్యూటర్లలో ‘క్రష్, క్రంబుల్ అండ్ చాంప్’ ఆడేవాళ్లు. 1933 నాటి ‘కింగ్ కాంగ్’, 1954లో జపాన్‌లో వచ్చిన ‘గాడ్జిల్లా’ లాంటి సినిమాలే దీనికి స్ఫూర్తి. అందుకే పేరు కింద ‘ది మూవీ మాన్‌స్టర్ గేమ్’ అనే ట్యాగ్‌లైన్ కూడా ఉండేది.

ఆరుగురు రాక్షసులు.. నాలుగు నగరాలు

గేమ్ మొదలుపెట్టగానే ముందు రాక్షసుడిని ఎంచుకోవాలి. ఆరుగురు రెడీగా ఉంటారు.

- గోషిల్లా: పేరు వింటేనే తెలిసిపోతుంది, గాడ్జిల్లా తరహా బల్లి.
- క్రాకెన్: నీళ్లలో ఉండే భారీ జీవి.
- అరాక్నిస్: పెద్ద సాలీడు.
- ది గ్లాబ్: జారిపోతూ కదిలే జిగురు ముద్ద.
- మెకిస్మో: రోబో.
- మాంత్రా: గాల్లో ఎగిరే జీవి.

తర్వాత నగరం ఎంచుకోవాలి. న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో, వాషింగ్టన్ డీసీ, టోక్యో.. ఈ నాలుగింట్లో దేన్నైనా ధ్వంసం చేయొచ్చు. దానికి తోడు లక్ష్యం కూడా మార్చుకోవచ్చు. ఈ మూడూ కలిపితే 100కు పైగా రకాలుగా ఆడుకునే వీలుంది. కొన్ని వెర్షన్లలో అయితే సొంతంగా రాక్షసుడిని తయారు చేసుకునే ఆప్షన్ కూడా ఇచ్చారు. 1981లో ఇది మామూలు విషయం కాదు.

ఎదురుగా పోలీసులు, సైన్యం, ట్యాంకులు, హెలికాప్టర్లు వస్తాయి. ఎంతసేపు తట్టుకున్నారు, ఎంత నష్టం చేశారు అన్నదే స్కోరు.

అసలు ట్విస్ట్.. ఆకలి

ఈ గేమ్‌లో అందరికీ గుర్తుండిపోయే పాయింట్ ఆకలి. రాక్షసుడు అంటే కూల్చుకుంటూ పోవడమే కాదు, మధ్యమధ్యలో తినాలి కూడా. మనుషుల్ని పట్టుకుని మింగకపోతే ఆకలి పెరిగిపోతుంది. అది హద్దు దాటితే రాక్షసుడికి పిచ్చెక్కుతుంది. ఆడేవాళ్లు ఏ కమాండ్ ఇచ్చినా పట్టించుకోడు. తనకు నచ్చినట్టు తిరుగుతాడు.

డిజైన్ పరంగా ఇది చాలా తెలివైన ఆలోచన. రాక్షసుడంటే రిమోట్ కంట్రోల్ బొమ్మ కాదు, అదుపు తప్పే జంతువు అని ఆటలోనే చూపించారన్నమాట. కానీ ఇక్కడే అసలు సమస్య.

కంట్రోల్స్ ఎందుకు దెబ్బకొట్టాయి?

ఈ గేమ్‌ను కీబోర్డుపై అక్షరాలు నొక్కుతూ ఆడాలి. రాక్షసుడు చేసే ఒక్కో పనికి ఒక్కో అక్షరం. పట్టుకోవడానికి ఒకటి, తినడానికి ఒకటి, కూల్చడానికి ఒకటి, తొక్కడానికి మరొకటి. అంతేకాదు, ఏ రాక్షసుడి శక్తులు వాడివే కాబట్టి కమాండ్ల లిస్టు కూడా మారిపోతుంది. ఒకడు నిప్పు కక్కుతాడు, ఇంకొకడు గూడు అల్లుతాడు. గోషిల్లాతో అలవాటుపడ్డ వేళ్లు అరాక్నిస్ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి.

పోనీ చెస్‌లా నిదానంగా ఆలోచించి ఆడదామా అంటే అదీ కుదరదు. ఎత్తుల వారీగానే నడిచినా గడియారం ఆగదు. కొన్ని సెకన్లలో కీ నొక్కకపోతే ఆ ఛాన్స్ పోయినట్టే. అంటే ఏ అక్షరమో గుర్తు తెచ్చుకునేలోపే ట్యాంకు కాల్చేస్తుంది.

ఇక స్పీడు సంగతి. ఆ రోజుల్లో ఈ కంపెనీ తన గేమ్స్‌ను ఎక్కువగా బేసిక్ భాషలో రాసేది. బేసిక్‌లో రాసిన ప్రోగ్రామ్‌ను కంప్యూటర్ ఒక్కో లైనూ చదివి, అర్థం చేసుకుని, అప్పుడు అమలు చేస్తుంది. నేరుగా మెషిన్ భాషలో రాసిన దానితో పోలిస్తే ఇది చాలా నెమ్మది. కీ నొక్కిన తర్వాత తెరపై ఫలితం కనిపించడానికి టైమ్ పడుతుంది. ఈలోగా డౌటొచ్చి మళ్లీ నొక్కితే ఇంకో గందరగోళం.

ఇప్పుడు ఆకలి పాయింట్‌ను దీనికి కలిపి చూడండి. రాక్షసుడు మాట వినలేదు. ఎందుకు? ఆకలికి పిచ్చెక్కిందా? తప్పు అక్షరం నొక్కారా? టైమ్ అయిపోయిందా? లేక కంప్యూటర్ ఇంకా ఆలోచిస్తోందా? ఆడేవాళ్లకు ఠక్కున అర్థం కాదు. మామూలు టైమ్‌లో కంట్రోల్ పక్కాగా ఉంటేనే, అది చేజారినప్పుడు భయం వేస్తుంది. ఎప్పుడూ తడబడే కంట్రోల్ అయితే ఆ తేడానే తెలియదు. గేమ్‌లోని బెస్ట్ ఐడియాను కంట్రోల్సే మింగేశాయని చెప్పొచ్చు.

మరి జాయ్‌స్టిక్ ఎందుకు పెట్టలేదు?

దీనికి కారణం అప్పటి కంప్యూటర్లే. 1977లో మార్కెట్లోకి వచ్చిన టీఆర్‌ఎస్-80తో పాటు జాయ్‌స్టిక్ వచ్చేది కాదు. దాని తెరపై గ్రాఫిక్స్ బ్లాక్ అండ్ వైట్‌లో, అడ్డంగా 128, నిలువుగా 48 చుక్కలే. ఇప్పుడు ఫోన్‌లో కనిపించే ఒక యాప్ ఐకాన్‌లో కూడా అంతకంటే ఎక్కువ చుక్కలుంటాయి. అన్ని కంప్యూటర్లలోనూ ఉండే ఏకైక పరికరం కీబోర్డు. దాన్నే నమ్ముకున్నారు.

ఇంకో కారణం కంపెనీ అలవాటు. ‘టెంపుల్ ఆఫ్ అప్‌షాయ్’లో కుడికి తిరగడానికి ‘ఆర్’, ఎడమకు ‘ఎల్’ నొక్కాలి. ఎన్ని అడుగులు వేయాలో అంకె కొట్టాలి. దాడికి ‘ఏ’ నొక్కాలి. గుహల్లో నెమ్మదిగా తిరిగే గేమ్‌కు ఆ పద్ధతి సరిపోయింది. కానీ ఊరిమీద పడి విధ్వంసం చేసే ఆటకు ఆ నిదానం నప్పలేదు.

కంపెనీలో చిచ్చు

ఇది ఆడేవాళ్ల అసంతృప్తితో ఆగిపోలేదు. పాత ప్రోగ్రామ్ పునాదినే పట్టుకుని ఎంతకాలం గేమ్స్ చేస్తామన్నది కంపెనీ లోపల కూడా పెద్ద ప్రశ్నగా మారింది. దాన్ని మార్చడానికి కానెల్లీ ఒప్పుకోకపోవడంతో ఫ్రీమన్ విసిగిపోయాడు. 1981లోనే కంపెనీ నుంచి బయటకు వచ్చేశాడు. అంటే సొంతంగా పెట్టిన సంస్థనే వదిలేసుకున్నాడన్నమాట.

ఆ తర్వాత యాన్ వెస్ట్‌ఫాల్, పాల్ రైకీతో కలిసి ‘ఫ్రీ ఫాల్ అసోసియేట్స్’ మొదలుపెట్టాడు. 1983లో వాళ్ల ‘ఆర్కాన్’ గేమ్ వచ్చింది. చెస్ లాంటి బోర్డు ఉంటుంది. కానీ రెండు పావులు ఎదురుపడితే జాయ్‌స్టిక్ పట్టుకుని నేరుగా ఫైట్ చేయాలి. ఆలోచనకు టైమ్ వేరు, యాక్షన్‌కు టైమ్ వేరు. ‘ఆర్కాన్’ అప్పట్లో పెద్ద హిట్ కొట్టింది.

అటు ఎపిక్స్ కూడా దారి మార్చింది. 1984లో ‘సమ్మర్ గేమ్స్’, ‘ఇంపాజిబుల్ మిషన్’ లాంటి జాయ్‌స్టిక్ గేమ్స్‌తో దుమ్ము రేపింది. తర్వాతి రోజుల్లో తన బ్రాండ్‌తో ‘500ఎక్స్‌జే’ అనే జాయ్‌స్టిక్‌నే అమ్మింది. కీబోర్డు అక్షరాలతో మొదలైన కంపెనీ చివరికి కంట్రోలర్ అమ్మే స్థాయికి వచ్చిందన్నమాట. అయితే 1989లో ఎపిక్స్ దివాలా తీసింది.

1986లో సీన్ మారింది

ఇదే ఐడియాపై 1986లో రెండు గేమ్స్ వచ్చాయి.

మొదటిది ఎపిక్స్‌దే. పేరు ‘ది మూవీ మాన్‌స్టర్ గేమ్’. పాత ట్యాగ్‌లైనే ఈసారి టైటిల్ అయింది. ఇందులో గోషిల్లా లేడు. లైసెన్స్ తీసుకుని అసలైన గాడ్జిల్లానే తెచ్చారు. గేమ్ మొత్తాన్ని థియేటర్‌లో సినిమా చూస్తున్నట్టుగా డిజైన్ చేశారు.

రెండోది బ్యాలీ మిడ్‌వే కంపెనీ ఆర్కేడ్ గేమ్ ‘ర్యాంపేజ్’. బ్రయాన్ కాలిన్, జెఫ్ నౌమన్ దీన్ని రూపొందించారు. జార్జ్ అనే కోతి, లిజ్జీ అనే బల్లి, రాల్ఫ్ అనే తోడేలు.. ఒకేసారి ముగ్గురు కలిసి ఆడొచ్చు. బిల్డింగులు ఎక్కాలి, గుద్దాలి, కిటికీల్లో దొరికిన మనుషుల్ని తినాలి. తింటే శక్తి పెరుగుతుంది. అది అయిపోతే రాక్షసుడు మళ్లీ మామూలు మనిషిగా మారిపోయి, సిగ్గుపడుతూ పక్కకు జారుకుంటాడు. పియోరియా నగరంలో మొదలయ్యే ఈ ఆటలో ఏకంగా 128 రోజులు ఉంటాయి.

మరి కంట్రోల్స్? ఒక జాయ్‌స్టిక్, రెండు బటన్లు. ఒకటి గుద్దడానికి, రెండోది ఎగరడానికి. అంతే. ముగ్గురు రాక్షసులకూ అవే. కాయిన్ వేసిన పది సెకన్లకే ఎవరైనా ఆడేయొచ్చు. లోతులో పాత గేమ్‌కు ఇది సాటి రాదు. లక్ష్యాలు, నగరాల ఎంపిక, పిచ్చెక్కించే ఆకలి ఇందులో లేవు. అయినా జనానికి గుర్తుండిపోయింది మాత్రం ఇదే. 2018లో డ్వేన్ జాన్సన్ హీరోగా వచ్చిన ‘ర్యాంపేజ్’ సినిమాకు ఈ గేమే ఆధారం.

అయితే ‘ర్యాంపేజ్’కు కూడా ఇంటి మెషిన్ల దగ్గర తిప్పలు తప్పలేదు. ఆర్కేడ్‌లో రెండు బటన్లుంటే అటారీ 2600 జాయ్‌స్టిక్‌కు ఉన్నది ఒక్కటే బటన్. నింటెండో ఎన్‌ఈఎస్ వెర్షన్‌లో అయితే రాల్ఫ్‌నే తీసేశారు. ముగ్గురి ఆట ఇద్దరిదైపోయింది.

ఇప్పటి మొబైల్ గేమర్లకు ఇందులో ఏముంది?

చాలానే ఉంది. ఫోన్‌లో గేమ్ ఆడేటప్పుడు తెరపై కనిపించే బటన్లకు స్పర్శ తెలియదు. బొటనవేలు కాస్త జరిగినా తప్పు బటన్ పడుతుంది. పైగా వేలే తెరను కప్పేస్తుంది. ఫోన్ పాతదైతే నొక్కిన తర్వాత ఆలస్యం. 1981 నాటి సమస్యే కొత్త రూపంలో వచ్చిందన్నమాట. ఏ గేమ్ కంట్రోల్స్ అయినా బాగున్నాయో లేదో తేల్చుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు.

- నొక్కిన వెంటనే తెరపై స్పందన వస్తోందా?
- బటన్ కోసం వెతుక్కోకుండానే వేలు దానిపైకి వెళ్తోందా?
- ఓడిపోయినప్పుడు తప్పు ఎవరిదో అర్థమవుతోందా?

మూడోది అన్నింటికన్నా ముఖ్యం. తప్పు తనదే అని తెలిస్తే ఆడేవాళ్లు ఇంకోసారి ట్రై చేస్తారు. తప్పు బటన్‌దే అనిపిస్తే ఆట మూసేస్తారు.

‘క్రష్, క్రంబుల్ అండ్ చాంప్’ తొలి రెండు ప్రశ్నల దగ్గర తడబడింది. మూడోదాంట్లో పూర్తిగా దొరికిపోయింది. అయినా రాక్షసుడి వైపు నుంచి కథ చెప్పిన తొలితరం కంప్యూటర్ గేమ్స్‌లో ఒకటిగా నిలిచింది. ఇప్పటికీ పాత గేమ్స్ ఇష్టపడేవాళ్లు ఎమ్యులేటర్ సాఫ్ట్‌వేర్‌తో దీన్ని ఆడుతూనే ఉంటారు. ఎవరైనా కొత్తగా ట్రై చేయాలనుకుంటే ఒక్కటే సలహా.. కమాండ్ల లిస్టు పక్కన పెట్టుకుని, ఒక్క రాక్షసుడినే ఎంచుకుని, ముందు వాడి కడుపు నింపండి. నగరం సంగతి తర్వాత చూసుకోవచ్చు.